అమ్మ ఒక్కతే అమెరికా వస్తుంటే చేతిసంచిలో ఏం పెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. అమ్మగారికి 66 ఏళ్ళు. ఫిబ్రవరిలో విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి, అక్కడ ఎమిరేట్స్ ఎక్కి, దుబాయ్ మీదుగా డల్లాస్‌కి ఒక్కరే వస్తున్నారు. బీపీ, షుగర్ ఉన్నాయి, రాత్రిపూట ఒక ఇన్సులిన్ వేసుకుంటారు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. పెద్ద సూట్‌కేసులు రెండూ, విమానంలో పైన పెట్టుకునే ట్రాలీ తమ్ముడు సర్దేస్తాడు, భుజానికి తగిలించుకునే చేతిసంచిలో ఏమేం పెట్టాలో ఒక లిస్టు ఇవ్వమన్నారు.

లిస్టు కంటే ముందు ఒక మాట. ఆ సంచి తమ్ముడి చేత సర్దించకండి. సూట్‌కేసులు ఎవరు సర్దినా పరవాలేదు, అవి మీ ఇంటికొచ్చాకే తెరుస్తారు. చేతిసంచి సంగతి వేరు. ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి డల్లాస్‌లో మీరు కనపడేదాకా దాన్ని పాతిక ముప్ఫైసార్లు తెరవాలి. అదీ నిలబడి, వెనకాల లైను కదులుతుంటే, ఒక్కోసారి చీకట్లో. అందుకని అమ్మగారే తన చేత్తో సర్దుకోవాలి. మీరిద్దరూ పక్కన కూర్చుని చెప్పండి, అంతే.

నేను ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళొచ్చాను. మొదటి మూడుసార్లు మావారితో, తర్వాత ఒక్కదాన్నే. కిందటిసారి దుబాయ్‌లో డల్లాస్ విమానం గేటు దగ్గర ఒకావిడ కనిపించింది, మాటతీరు చూస్తే గోదావరి జిల్లా. గేటు దగ్గర అబ్బాయి పాస్‌పోర్ట్ అడిగాడు. ఆవిడ సంచి తెరిచింది. లోపల ఒక పౌచ్, దాన్లో ఇంకో పౌచ్, పక్కన మూడు జిప్ లాక్ కవర్లు, ఒక ప్లాస్టిక్ ఫైలు. ఒక్కోదాని మీద ఇంగ్లీషులో పేరు రాసిన చీటీ అంటించి ఉంది, ఆవిడకేమో ఇంగ్లీషు రాదు. చివరికి నేల మీద చతికిలబడి, కొంగు పరిచి, సంచి మొత్తం దాన్లో గుమ్మరించింది. శానిటైజరు, మాస్కులు, చాక్లెట్లు, మడతపెట్టిన మెడ దిండు అన్నీ ఉన్నాయి, పాస్‌పోర్ట్ మాత్రం లేదు. నేను ఖాళీ సంచిని తడిమి చూస్తే వెనకవైపు, వీపుకి ఆనే చోట, గుడ్డలో కలిసిపోయిన సన్నటి జిప్పు ఒకటి తగిలింది. పాస్‌పోర్ట్ అక్కడుంది. "దొంగలకి దొరక్కుండా అక్కడ పెట్టాడండీ మా వాడు, చెప్పాడు కూడా, ఆ గాభరాలో గుర్తు రాలా" అంది. వాళ్ళబ్బాయి బాగానే సర్దాడు, తప్పుపట్టడానికి లేదు. కాకపోతే తన కోసం సర్దుకున్నట్టు సర్దాడు.

ఇక సంచి ఎలాంటిది కావాలో చెప్తాను. తోలు బ్యాగులు వద్దు, ఖాళీగా ఉన్నప్పుడే కిలో బరువు తూగుతాయి. పలచటి గుడ్డదో నైలాన్‌దో తీసుకోండి. భుజం నుంచి అడ్డంగా వేసుకునే పొడుగు పట్టీ ఉండాలి. పొట్టి పట్టీ అయితే చీర మీద జారుతూనే ఉంటుంది, దాన్ని సర్దుకోవడానికే ఒక చెయ్యి పోతుంది. పైన నిండా జిప్పు ఉండాలి. అయస్కాంతం గుండీతో మూసుకునేది అయితే సెక్యూరిటీ ట్రేలో తలకిందులైనప్పుడు సగం సామాను బెల్టు మీద పడుతుంది. లోపలి గుడ్డ లేత రంగుదైతే మేలు. విమానంలో లైట్లు తీసేశాక నల్ల గుడ్డ సంచిలో నల్ల కళ్ళజోడు పెట్టె వెతకడం ఎంత కష్టమో వెతికినవాళ్ళకే తెలుస్తుంది. పాస్‌పోర్ట్ ఉండే అర జిప్పుకి ఒక ఎర్ర రిబ్బను ముక్క కట్టండి. కొలత అంటారా, ముందు సీటు కింద పట్టాలి. సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు, 15 మందం దాటకపోతే ఎక్కడా ఇబ్బంది రాదు. బరువు మూడు కిలోల లోపు.

బరువు విషయంలో ఒక హెచ్చరిక. మన దేశంలో విమానాలకి మామూలుగా ఎకానమీలో 7 కిలోల క్యాబిన్ బ్యాగు ఒకటి, దానికి తోడు ఆడవాళ్ళ హ్యాండ్ బ్యాగో లాప్‌టాప్ బ్యాగో ఒకటి రానిస్తారు. గల్ఫ్ మీదుగా వెళ్ళే సంస్థలు కొన్ని ఎకానమీలో మొత్తం కలిపి ఒకే సంచి, 7 కిలోలు అని రాస్తాయి. చిన్న చేతిసంచిని ఎవరూ పట్టించుకోరు కానీ అది ఉబ్బి కనిపిస్తే కాటాలో పెట్టమంటారు. టికెట్ మీద ఏం రాసుందో చూసుకుని, ట్రాలీ ఆరు కిలోలకే ఆపించండి.

పాస్‌పోర్ట్ హైదరాబాద్‌లో టెర్మినల్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి డల్లాస్ ఇమ్మిగ్రేషన్ దాకా ఏడెనిమిది చోట్ల చూపించాలి. అందుకని అది ముందువైపు అరలో ఉండాలి, ఆ అరలో బోర్డింగ్ పాసులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అమ్మగారి వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉండి, ఈమధ్య కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని ఉంటే రెండూ తేవాలి. పదేళ్ళ వీసా వచ్చిన మన పెద్దవాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి. రెండిటినీ కలిపి ఒక రబ్బరు బ్యాండ్ వేసెయ్యండి, పిన్ను కొట్టకండి. పాతది చెల్లిపోయిందిలే అని ఇంట్లో బీరువాలో వదిలేసి వచ్చి కౌంటర్ దగ్గర ఆగిపోయినవాళ్ళున్నారు.

మిగతా కాగితాలు ఒక పలచటి ఫైలులో పెట్టండి. రానూ పోనూ టికెట్ల ప్రింటు, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ, మీ ఇంటి అడ్రసు, ఫోను నంబరు, మీరు రాసిన పిలుపు ఉత్తరం ఉంటే అది. ఫోనులో ఉన్నాయిగా అనకండి. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ హాల్లో ఫోను వాడనివ్వరు. మీ అడ్రసు ఫోనులోనే ఉంటే ఆఫీసరు అడిగిన నిమిషంలో ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. తెలుగు తప్ప రాదని టెన్షన్ పడొద్దని చెప్పండి, అడిగితే తెలుగు మాట్లాడేవాళ్ళని ఫోన్లో కలుపుతారు. నేను చేసే పని ఒకటుంది. పోస్టుకార్డు సైజు అట్టలు మూడు కత్తిరించి వాటి మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాయిస్తాను, కింద అదే విషయం తెలుగులో. ఒకటి: నాకు తెలుగు మాత్రమే వచ్చు, మా అమ్మాయి నంబరు ఇది. రెండు: నేను డల్లాస్ విమానం ఎక్కాలి, నా గేటు ఎక్కడ? మూడు: నాకు షుగర్ ఉంది, తినడానికి ఏదైనా కావాలి. కింద తెలుగు లేకపోతే ఏ అట్ట ఎవరికి చూపించాలో ఆవిడకి తెలియదు, అది మర్చిపోకండి. ఒక చిన్న పాకెట్ డైరీలో మీ నంబరు, అల్లుడిగారి నంబరు, తమ్ముడి నంబరు అమ్మగారి చేత్తోనే రాయించండి.

ఇంతకీ అన్నిటికంటే ముఖ్యం మందులు. నేను తప్పు చేసి నేర్చుకున్నది కూడా ఇక్కడే, కాస్త వివరంగా చెప్తాను.

మా మూడో ప్రయాణంలో డల్లాస్‌లో దిగి అక్కడి నుంచి చిన్న ఊరికి చిన్న విమానం ఎక్కాం. నా బీపీ మాత్రలు, చదువుకునే కళ్ళజోడు ట్రాలీలో ఉన్నాయి, ట్రాలీ నాతోనే ఉంటుంది కదా అన్న ధీమా. విమానం మెట్ల దగ్గర ఒకమ్మాయి నవ్వుతూ వచ్చి, నా ట్రాలీకి ఒక కాగితం ట్యాగు కట్టి, అవతలి చక్రాల బండి మీద పెట్టేసింది. చిన్న విమానాల్లో పైన అరలు చిన్నవి, పట్టవు, అందుకని గేటు దగ్గరే తీసుకుని కిందకి వేస్తారు. పెద్ద విమానాల్లో కూడా పైన నిండిపోతే చివర్లో ఎక్కేవాళ్ళ ట్రాలీలు ఇలాగే తీసుకుంటారు. అవతల దిగాక అందరి ట్రాలీలూ వచ్చాయి, నాది రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చిచ్చారు. ఆ రాత్రి మాత్ర లేదు, ఉదయం మాత్ర లేదు. తలనొప్పితో మంచం మీదే ఉన్నాను, మా అమ్మాయి కంగారుపడి బీపీ మిషన్ కొనుక్కొచ్చింది. అప్పట్నుంచి నా లెక్క ఒకటే. సీటు కిందకి వెళ్ళే సంచి తప్ప ఏ సంచి అయినా నా చెయ్యి దాటిపోవచ్చు.

కాబట్టి నాలుగు రోజుల మందులు చేతిసంచిలో, ఒక నెలవి ట్రాలీలో, మిగతావి సూట్‌కేసులో వేయండి. మాత్రలు విప్పి డబ్బాలో పొయ్యకండి, షాపులో ఇచ్చిన స్ట్రిప్పులే ఉంచండి. స్ట్రిప్పు మధ్యకి కత్తిరిస్తే మందు పేరున్న సగం ఒకవైపు పోతుంది, పేరు కనపడే ముక్కే సంచిలో ఉండాలి. డాక్టర్ గారి చీటీ టైపు చేసి ఇమ్మనండి, బ్రాండు పేరుతోపాటు అసలు మందు పేరు కూడా ఉండాలి. మన బ్రాండు పేర్లు అక్కడివాళ్ళకి తెలియవు, టెల్మిసార్టన్ అంటే తెలుస్తుంది, మెట్‌ఫార్మిన్ అంటే తెలుస్తుంది.

ఇన్సులిన్ పొరపాటున కూడా లోపలికి పంపే సూట్‌కేసులో పెట్టొద్దు. విమానం అడుగున చల్లదనానికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్ను గది చల్లదనంలో చాలా రకాలకి 28 రోజుల దాకా బాగానే ఉంటుంది, దాని పెట్టె మీద చూడండి. ప్రయాణంలో దానికి ఐసు అక్కర్లేదు. కొత్త పెన్నులకి మాత్రం చిన్న కూలింగ్ పౌచ్ తీసుకోండి, ఐసు జెల్ నేరుగా తగలకుండా మధ్యలో చేతిరుమాలు చుట్టండి. సూదులు, పెన్ను, షుగర్ చూసుకునే మిషను, డాక్టర్ చీటీ అన్నీ ఒకే పారదర్శకమైన కవరులో ఉంటే సెక్యూరిటీలో ఆ కవరు చూపించి "ఇన్సులిన్" అంటే చాలు, ఆ మాట ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం అవసరమైన మందులకి వర్తించదు. వాడేసిన సూది సీటు జేబులో పడేయకుండా ఖాళీ మాత్రల డబ్బాలో వేసి మూత పెట్టుకోమనండి.

టైముల గొడవ ఒకటి. ఫిబ్రవరిలో మనకీ డల్లాస్‌కీ పదకొండున్నర గంటల తేడా. విజయవాడలో ఉదయం ఏడు అంటే అక్కడ ముందు రోజు రాత్రి ఏడున్నర. అంటే పొద్దుటి మాత్ర రాత్రి అయిపోతుంది, రాత్రిది పొద్దున అయిపోతుంది. ఇన్సులిన్ ఏ టైముకి ఎంత వేసుకోవాలో నేను చెప్పకూడదు, మీరూ అంచనా వేయకండి. బయల్దేరే ముందు డాక్టర్ గారి దగ్గరికి టికెట్ తీసుకెళ్ళి చూపించి, గంటలవారీగా తెలుగులో రాయించుకోండి. ఆ కాగితం మందుల కవరులోనే ఉండాలి. చేతి గడియారం మాత్రం డల్లాస్‌లో దిగేదాకా మన టైములోనే ఉంచమనండి, కాగితం కూడా మన టైములోనే రాయించండి.

షుగర్ పడిపోతే చేతికందేలా గ్లూకోజ్ బిస్కట్లు, నాలుగు నిమ్మతొనల చాక్లెట్లు పక్క అరలో. చాక్లెట్లు విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేయకుండా చప్పరించడానికి కూడా పనికొస్తాయి.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. మోకాళ్ళ నొప్పులకి మన డాక్టర్లు అల్ట్రాసెట్ లాంటివి రాస్తుంటారు, దాన్లో ట్రమడాల్ ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్పుల్లో కోడీన్ ఉంటుంది. యూఏఈలో ఈ రెండూ గట్టి నియంత్రణలో ఉన్న మందులు. దుబాయ్ మీదుగా వస్తున్నారు కాబట్టి అలాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. అలాగే గసగసాలు. అక్కడ గసగసాలు దగ్గర ఉండటమే నేరం. మసాలా పొట్లంలో అమాయకంగా కలిసి వచ్చినా సరే. చేతిసంచిలోనే కాదు, ఏ పెట్టెలోనూ వద్దు.

వద్దన్న వాటి గురించి మాట వచ్చింది కాబట్టి మిగతావీ చెప్పేస్తాను. ఆవకాయ, నెయ్యి, కారప్పొడులు చేతిసంచిలో పెడితే హైదరాబాద్ సెక్యూరిటీలోనే తీసి పక్కన పెడతారు. ఎంత గట్టిగా సీలు వేసినా అంతే, అవి కిందకి వెళ్ళే సూట్‌కేసులో వేయండి. అమెరికా వెళ్ళే విమానాల్లో ఏ పొడి అయినా 350 మిల్లీలీటర్ల డబ్బా దాటితే పైకి తేవడం కష్టం, ఇది 2018 నుంచి ఉంది. ఎండు కొబ్బరికి నూనె వల్ల అంటుకునే గుణం ఉంది, చేతిసంచిలోకీ కుదరదు, సూట్‌కేసులోకీ కుదరదు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, కోడి పచ్చడి, మటన్ పచ్చడి రానివ్వరు. పక్కింటావిడ ఆప్యాయంగా చేతిలో పెట్టే బీర గింజలు, గోంగూర విత్తనాల పొట్లాం కూడా అంతే. బయల్దేరే రోజు పొద్దున వచ్చి "ఇది కాస్త మా అబ్బాయికి" అని ఇచ్చే మూతికట్టిన పొట్లాలు అసలు ఈ సంచిలోకి రానివ్వకండి. కాదనలేక మనవాళ్ళు చేతిసంచిలోనే దోపుతారు, ఎందుకంటే పెద్ద పెట్టెలు అప్పటికే తాళాలు పడి ఉంటాయి.

తిండి. విమానంలో భోజనం ముందే చెప్పుకోవాలి, బయల్దేరడానికి కనీసం 24 గంటల ముందు ఏవీఎంఎల్ (ఏషియన్ వెజిటేరియన్ మీల్) అని పెడితే మనవాళ్ళకి సరిపడే శాకాహారం వస్తుంది. అయినా నేను ఎప్పుడూ రెండు పూటలకి సరిపడా పొడిగా ఉండేవి తెచ్చుకుంటాను. మేం చేసేది నూనె తగలని పుల్కాలు నాలుగు, మధ్యలో చక్కెర లేని పల్లీ పొడి కాస్త చల్లి, చుట్టి, రేకు కాగితంలో. అటుకుల చుడువా ఒక కవరు. పెరుగన్నం తేవద్దు, పెరుగు ద్రవం కిందకి వస్తుంది, పైగా దుబాయ్ చేరేసరికి పులిసిపోతుంది. పులిహోర అయితే హైదరాబాద్–దుబాయ్ విమానంలోనే తినేయాలి. మిగిలినవి డల్లాస్‌లో దిగేలోపు తినెయ్యమనండి లేదా విమానంలోనే వదిలెయ్యమనండి, దిగాక తిండి పదార్థాలేమైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. నీళ్ళ సీసా ఖాళీది పెట్టండి, సెక్యూరిటీ దాటాక నింపుకోవచ్చు. దుబాయ్‌లో మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది, అప్పటికి అది ఖాళీ అయ్యుండాలి.

నీళ్ళ దగ్గర మన ఆడవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, మీరు కూతురు కాబట్టి అర్థం చేసుకుంటారు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని, పక్కవాళ్ళని లేపాలని, పెద్దవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. దుబాయ్ నుంచి డల్లాస్ దాదాపు 16 గంటలు. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది, పైగా బీపీ మాత్రల్లో కొన్ని నీరు ఎక్కువ పోయేలా చేస్తాయి. కాళ్ళు వాచి, కళ్ళు తిరిగి దిగుతారు. నడవ పక్క సీటు ముందే బుక్ చేయండి. చేతిసంచిలో రెండు మూడు ప్యాడ్లు, ఒక జత లోపలి బట్టలు, తడి టిష్యూల చిన్న ప్యాకెట్టు నల్ల కవరులో పెట్టుకోమనండి. ఈ కవరు సంగతి తమ్ముడితో చెప్పడానికి ఆవిడ సిగ్గుపడతారు, మీరే ఫోన్లో చెప్పాలి. ఆ కవరు ఉందన్న ధైర్యంతోనే నీళ్ళు తాగుతారు.

బట్టలు అంటే ఇంకా కావలసింది ఒక పలచటి చీరో చుడీదారో, ఒక జత సాక్సులు, శాలువా. స్వెట్టర్ సంచిలో పెట్టకుండా వేసుకునే రమ్మనండి. మెడ దిండు అనవసరం, శాలువా చుట్టి మెడ కింద పెట్టుకుంటే అదే దిండు. పళ్ళ సెట్టు ఉంటే దానికి మూతగట్టి డబ్బా తప్పనిసరి. రాత్రి తీసి టిష్యూలో చుట్టి భోజనం ట్రేలో పెడితే ఆ ట్రేతోపాటే చెత్తలోకి పోతుంది. మా వియ్యపురాలికి అలాగే జరిగింది, అమెరికాలో ఉన్న ఆరు నెలలూ ఆవిడ మెత్తటి అన్నమే తింది.

వీల్‌చైర్ మీరు ఎలాగూ చెప్పే ఉంటారు, చెప్పకపోతే ఇవాళే చెప్పండి, కనీసం 48 గంటల ముందు అడగాలి, దానికి డబ్బేమీ తీసుకోరు. నడవగలిగినా భాష రాని వాళ్ళకి అదే మంచిది. కుర్చీ తోసే మనిషి పాస్‌పోర్ట్, బోర్డింగ్ పాసు తన చేతిలో పట్టుకుంటాడు. ప్రతిచోటా పని అయిపోగానే వాటిని అడిగి తీసుకుని ఎర్ర రిబ్బను అరలో పెట్టుకోవడం అమ్మగారి పని. సంచి కుర్చీ వెనక తగిలించనివ్వొద్దు, ఒళ్ళోనే ఉండాలి. డల్లాస్‌లో ఆ మనిషికి ఇవ్వడానికి ఐదు డాలర్ల నోట్లు రెండు మూడు, ఒక డాలరువి కొన్ని చిన్న పర్సులో విడిగా పెట్టండి. వంద నోటు ఒక్కటే ఉంటే ఇవ్వనూ లేరు, ఊరుకోనూ లేరు.

బంగారం గురించి మీరు అడగలేదు కానీ అమ్మగారు అడుగుతారు. ఒంటి మీద ఉన్నవి సరే. విడిగా తేవాలనుకుంటే ఈ సంచిలోనే, వేరే ఎక్కడా వద్దు. నన్నడిగితే అసలు వద్దు.

ఫోను, ఛార్జరు, అమెరికా ప్లగ్గుకి చిన్న అడాప్టర్ చాలు. పవర్ బ్యాంక్ మీ అమ్మగారికి పెట్టకండి. అది ఎటూ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపు ఉండాలి, అంటే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు వస్తుంది, సరిపోతుంది. కానీ 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఒక విమానం పైఅరలోంచి మంటలు లేచాక చాలా విమాన సంస్థలు కట్టుదిట్టం చేశాయి. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్‌లో ఒక్కటే తెచ్చుకోవాలి, విమానంలో దాన్ని వాడకూడదు, పైఅరలో పెట్టకూడదు. వాడకూడని దాన్ని మోయించడం ఎందుకు? సీటు దగ్గరే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంటుంది కానీ అక్కడ వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు. మీరు పదేపదే చేసి, కలవక, ఇద్దరూ కంగారుపడకండి. వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి, ఆ బటన్ నొక్కిపట్టుకుని మాట్లాడటం ఇప్పట్నుంచే అలవాటు చేయండి.

ఇవన్నీ పెట్టాక సంచి నిండిపోయి జిప్పు బిగుసుకుంటే, ఏదో ఒకటి తీసెయ్యాలి. తీసేటప్పుడు అమ్మగారినే తియ్యమనండి. దేవుడి పటం, విభూతి పొట్లం, మనవరాలికి తెచ్చే వెండి పట్టీలు ఆవిడ తియ్యరు, మీరూ తియ్యమనకండి. మెడ దిండు, రెండో శాలువా, వారపత్రికలు తీస్తారు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు రాత్రి, భోజనాలయ్యాక, వీడియో కాల్ చేయండి. అమ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, సంచి కాళ్ళ దగ్గర, ముందు ఇంకో కుర్చీ అడ్డం పెట్టించండి. గదిలో లైటు తీసెయ్యమని తమ్ముడికి చెప్పండి, హాల్లో లైటు వెలుతురు చాలు. అప్పుడు అడగండి: అమ్మా, పాస్‌పోర్ట్ చూపించు. కళ్ళజోడు తియ్యి. షుగర్ మాత్ర ఏదీ? నా నంబరున్న అట్ట ఏదీ? వంగి, తడిమి, పైకి తీసి చూపించాలి, పది లెక్కపెట్టేలోపు. ఏది ఆలస్యమైతే దాని చోటు మార్పించి మర్నాడు రాత్రి మళ్ళీ అడగండి. మా అమ్మాయి నన్ను అలా అడిగినప్పుడు మొదటిసారి నాకు నవ్వొచ్చింది, కళ్ళజోడు మాత్రం దొరకలేదు.